ముప్ఫై ఎనిమిది అంగుళాల సీటు

మా సమన్వయ శాఖ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, మిగతా శాఖలను సమన్వయపరుస్తుందని చెబుతాం. సమన్వయపరచడమంటే ఏమిటని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. అడిగితే జవాబు చెప్పడానికి ఒక త్రిసభ్య సంఘం వేయాల్సి ఉంటుంది. చేతిలో పని ఇంత తేలిగ్గా ఉండబట్టే, ఉద్యోగులంతా సైకిళ్ళ మీద ఆఫీసుకు రావాలని పైనుంచి ఉత్తర్వు దిగినప్పుడు మేం సర్వశక్తులూ ఒడ్డి దాని మీద పడగలిగాం.

ఉత్తర్వు పేరు ‘సుఖప్రద నిత్య ప్రయాణ పథకం’. నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా గాలి కాలుష్యం, గుండె జబ్బులు, పెరుగుతున్న పొట్టలు. నాలుగో పేజీలో అసలు సంగతి: ‘ప్రతి ఉద్యోగి తనకు తగిన సైకిలును రోజువారీ ప్రయాణమునకు సుఖముగా ఉండునట్లు అమర్చుకొని, వచ్చే నెల ఒకటవ తేదీ నుండి దానిపైననే విధులకు హాజరు కావలెను.’ ఈ వాక్యంలో ‘తగిన’ అనే చిన్న మాట ఎంత పని చేయగలదో అప్పటికి నాకు తెలియదు. నేను చాలా సంతోషించాను.

సంతోషానికి కారణం ఉంది. నా పేరు భ్రమరాంబ, హోదా సీనియర్ అసిస్టెంటు, ఎత్తు ఐదడుగుల పదంగుళాలు. ఈ లోకంలో ఏదీ నా కొలతకు చేసింది కాదు. వంటగట్టు నా తొడల దగ్గర ఆగిపోతుంది. బస్సులో పట్టుకునే కమ్మీ నా నుదుటికి తగులుతుంది. పెళ్ళి ఫొటోలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయన్ని పక్కన నిలబెట్టారు. చూసినవాళ్ళంతా నన్ను జమీందారిణి అనీ ఆయన్ని మా దివాను గారనీ అనుకుంటారు. అలాంటిదాన్ని పట్టుకుని ప్రభుత్వం ‘నీకు తగినట్లు అమర్చుకో’ అంటే కళ్ళు చెమర్చాయి.

రైలు గేటు దగ్గర సైకిళ్ళ షాపు సైదులుది. ముప్ఫై ఏళ్ళుగా మా ఊరి సైకిళ్ళన్నీ అతని చేతుల మీదుగానే నడుస్తున్నాయి. వెళ్ళి, గేర్లు ఎన్నుండాలి, హ్యాండిలు ఎలాంటిది కావాలి, ఏ కంపెనీ మంచిదని వరసగా అడిగాను.

“ఆగమ్మా, ఆగు,” అన్నాడు. “రోజూ యాడికి బోతావు? పందేనికా, ఆఫీసుకా?”

“ఆఫీసుకే. ఏడు కిలోమీటర్లు. మధ్యలో ఓవర్‌బ్రిడ్జి.”

“చీర గట్టుకొనేనా?”

“చీరే. పైగా అన్నం కేరేజీ, గొడుగు.”

“మరింకేందమ్మా! చైనుకు నిండు కవరు, బురద కొట్టకుండా మడ్‌గార్డులు, ఎనక క్యారేజీ. టైర్లు లావువి ఏత్తా, గతుకుల్లో నడుం పోదు. బ్రిడ్జి ఎక్కను మూడు గేర్లు సాలు, ఇరవయ్యొక్కటి ఏం జేసుకుంటావు, ఉప్పేసుకుంటావా? హ్యాండిలు సీటు కంటే రవ్వంత పైకుంటే నిటారుగా కూచోని ఊరంతా జూసుకుంటా పోవచ్చు. మిగతాదంతా సీటు ఎత్తులోనే ఉంది. ఎక్కు, నేను పట్టుకుంటా.”

ఎక్కాను. పెడలును అడుగుకు తిప్పి, దానిమీద మడమ పెట్టమన్నాడు. మోకాలు వంగే ఉంది. సీటు పైకి లేపాడు. ఇంకా వంగే ఉంది. మళ్ళీ లేపాడు. పొడుగు పైపు తెచ్చి మార్చాడు. చివరికి మడమ ఆనినప్పుడు కాలు తిన్నగా సాగింది. టేపు పెట్టి చూస్తే సీటు నేలకు ముప్ఫై ఎనిమిది అంగుళాల ఎత్తున ఉంది.

“ఇది నీ కాలమ్మా,” అన్నాడు సైదులు. “ఇంకెవురి మాటా ఇనమాక.”

ఆ రోజు ఇంటికి సైకిలు మీదే వచ్చాను. ఓవర్‌బ్రిడ్జి పైన గాలికి కొంగు ఎగురుతుంటే, నా కాళ్ళు పూర్తిగా చాపుకోవడానికి నలభై నాలుగేళ్ళకు ఒక చోటు దొరికిందని తెలిసి పిచ్చి సంతోషమేసింది. దారిన పోయే గేదెను చూసి కూడా నవ్వాను.

ఒకటో తేదీ వచ్చింది. మా ఉప సమన్వయాధికారి చలమయ్య గారు సైకిళ్ళ షెడ్డు తనిఖీకి వచ్చారు. ఆయన ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. సీటు కాలికి సరిపోయేట్టు ఆయన కూడా సైదులు చేతే పెట్టించుకున్నారు. రెండు సైకిళ్ళూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన నా సైకిలు దగ్గర ఆగారు. నా సీటు ఆయన బొడ్డుకు పైన, జేబులోని కలానికి కింద ఉంది.

“ఈ వాహనం ఎవరిది?”

“నాది సార్.”

“భ్రమరాంబ గారూ, నా సీటు ముప్ఫై రెండు అంగుళాలు. తమరిది ముప్ఫై ఎనిమిది. ఈ ఆరు అంగుళాల వ్యత్యాసమునకు ఆధారమేమిటి?”

“కాళ్ళండి సార్.”

“కాళ్ళు వ్యక్తిగతం. సీటు అధికారికం,” అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికల్లా సూపరింటెండెంటు కోటిలింగం గారు ఫైలు తెరిచారు. కోటిలింగం గారు నోట్ రాస్తే దానికి తిరుగుండదు. ఒకసారి వర్షం కురిసిందా లేదా అన్న విషయంలో ఆయన రాసిన నోట్‌కు వాతావరణ శాఖ క్షమాపణ చెప్పుకుందని అంటారు. ఈ ఫైల్లో ఆయన రాసింది ఇది:

‘ఉత్తర్వులో “తగిన” అని ఉన్నది. దేనికి తగిన అన్నది పరిశీలనార్హము. శరీరమునకు తగిన అనుకొనుటకు వీలు లేదు. ఏలయన, సర్వీసు రిజిస్టరునందు ఉద్యోగి ఎత్తు, రెండు పుట్టుమచ్చల వివరములు కలవు గాని కాలి పొడవు నమోదు కాలేదు. రికార్డునందు లేని కాలికి తగినట్లు సీటు అమర్చుట నిబంధనలకు విరుద్ధము. కావున “హోదాకు తగిన” అని భావించవలసి యున్నది. ఇందుకు పూర్వ దృష్టాంతము మన కుర్చీలు.’

కుర్చీల మాట నిజమే. మా ఆఫీసులో ఎవరి కుర్చీ చూసినా వారి జీతం స్కేలు చెప్పేయవచ్చు. అధికారిది తిరిగే కుర్చీ, వీపున తెల్ల టర్కీ తువ్వాలు. సూపరింటెండెంటుకు చేతులు, దిండు. సీనియర్ అసిస్టెంట్లకు చేతులున్నాయి, దిండు లేదు. జూనియర్లకు చేతులు కూడా లేవు. అటెండరు యోహానుకు స్టూలు. ఎండాకాలంలో ఒకసారి ఒక జూనియర్ తన కుర్చీ మీద తువ్వాలు ఆరేసుకుంటే, అది పొరపాటున తడిసిందే తప్ప దురుద్దేశం లేదని సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది.

ఇంతటి సంప్రదాయం ఉన్నచోట సైకిలు సీటును గాలికి వదిలేస్తారా? వారంలో హోదావారీ పట్టిక వెలువడింది. అధికారి ముప్ఫై రెండు అంగుళాలు. సూపరింటెండెంటు ముప్ఫై ఒకటి. సీనియర్ అసిస్టెంట్లు ముప్ఫై. అలా మెట్టుకో అంగుళం దిగుతూ యోహాను దగ్గరకు వచ్చేసరికి ఇరవై ఆరు. గేర్లు ఇంక్రిమెంట్లను బట్టి. కాబట్టి అధికారికి ఇరవయ్యొక్కటి, యోహానుకు ఏమీ లేవు. అధికారి హ్యాండిలు ఎత్తుగా ఉంటుంది. కింది ఉద్యోగులది సీటు కన్నా కిందికి ఉండాలి, ఎందుకంటే ‘పై అధికారి వెనుక పోవునప్పుడు వెన్ను నిటారుగా ఉండుట అవిధేయతకు సూచన’. ముందు పై అధికారి ఉన్నప్పుడు గంట కొట్టరాదు. అత్యవసరమైతే వినయంగా దగ్గవచ్చు.

బ్రేకుల విషయంలో ఒక త్రిసభ్య సంఘం రెండు పూటలు కూర్చుంది. బ్రేకు నొక్కడం చేతిపని. గెజిటెడ్ అధికారి చేతిపని చేయకూడదు. ఆయన కారు తలుపు కూడా ఆయన తీయరు కదా. పైగా అధికారిని ఆపవలసింది పైవాళ్ళే గాని తనంతట తాను ఆగడం ఎక్కడా లేదు. అందువల్ల చలమయ్య గారి సైకిలుకు బ్రేకు పిడిని హ్యాండిలు మీదనుంచి తీసి, వెనక క్యారేజీకి బిగించి, దాన్ని వెనక నడిచే యోహాను అధీనంలో ఉంచారు.

తొమ్మిదో నిబంధన ఒక్క వాక్యమే: ‘ఏ ఉద్యోగియు తన పై అధికారిని దాటి ముందుకు పోరాదు.’

నా సీటును ముప్ఫైకి దించమని ఉత్తర్వు తీసుకుని వెళితే సైదులు దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

“ఎనిమిదంగుళాలు దించాలా? మోకాళ్ళు గడ్డానికి తగలవా అమ్మా?”

“తగిలినా పర్వాలేదట సైదులూ. గడ్డానికి హోదా లేదు.”

స్పానరు తీసి, నా పొడుగు పైపు ఊడదీసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. “దాపెట్టి ఉంచుతా,” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఇక ఊరేగింపు గురించి చెప్పాలి. అధికారిని దాటకూడదు, అధికారి కంటే ముందు చేరకూడదు. దారిలో ఎవరు ఎక్కడ ఉంటారో తెలియదు. అందుకని అందరం తొమ్మిదింటికి గడియార స్తంభం దగ్గర చేరి, సీనియారిటీ జాబితా ప్రకారం బయలుదేరేవాళ్ళం. ముందు చలమయ్య గారు, సీటు మీద తెల్ల తువ్వాలు. వెనక బ్రేకు పట్టుకుని నడుస్తూ యోహాను. ఆ వెనక కోటిలింగం గారు. ఆయన వెనక నాకంటే సీనియర్లైన సాంబయ్య గారూ త్రిపురారి గారూ. వీళ్ళిద్దరి మధ్య సీనియారిటీ దావా పదకొండేళ్ళుగా నడుస్తోంది. తీర్పు వచ్చేదాకా ఎవరూ ముందూ కాదు, ఎవరూ వెనకా కాదు. అందుకని ముందు చక్రాలు సమానంగా ఉంచుకుని, ఒకరి చక్రాన్ని ఒకరు చూసుకుంటూ, సగం రోడ్డు ఆక్రమించుకుని తొక్కేవారు. ఐదోదాన్ని నేను. నా వెనక పదిమంది జూనియర్లు.

చలమయ్య గారు మనిషి నడక కన్నా కాస్త నెమ్మదిగా తొక్కుతారు. మేమంతా తలలు వంచుకుని, మోకాళ్ళు పక్కలకు విరుచుకుని, వినయంగా దగ్గుకుంటూ వెళ్ళేవాళ్ళం. మొదటి రోజు జనం మేం సమ్మె చేస్తున్నామనుకున్నారు. రెండో రోజు ఎన్నికలనుకుని ఎవరో కరపత్రం అడిగారు. మూడో రోజు పునుగులమ్మే పెద్దామె పొయ్యి దగ్గరనుంచి లేచి, కొంగు తలమీదికి లాక్కుని, నన్నడిగింది.

“ఎవరమ్మా పొయ్యింది?”

“ఎవరూ పోలేదు పిన్నీ. ఆఫీసుకు పోతున్నాం.”

“అయ్యో తల్లీ,” అని ఆమె రెండు పునుగులు నా చేతిలో పెట్టింది.

నెల తిరిగేసరికి నా మోకాళ్ళు రెండూ వాచాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. మా బస్సు ఎప్పుడో రద్దయింది. డాక్టరు నా సైకిలు తెప్పించుకుని చూసి, సీటు ఎత్తైనా పెంచండి, సైకిలైనా మానండి, ఇలాగే ఇంకో ఆరు నెలలు తొక్కితే రెండూ చేయడానికి మోకాళ్ళు మిగలవని చీటీ రాసిచ్చాడు. సైకిలు మానితే విధులకు హాజరు కానట్టే. కనుక నాకు మిగిలింది ఒక్కటే, సీటు. చీటీ జతచేసి దరఖాస్తు పెట్టుకున్నాను.

ఐదోరోజు కోటిలింగం గారు పిలిచారు. ఆయన దుర్మార్గుడు కాదు. మా ఆఫీసులో దుర్మార్గులెవరూ లేరు. అదే మా దురదృష్టం.

“తమ దరఖాస్తు సానుభూతితో పరిశీలించబడినదమ్మా. తమకు ముప్ఫై ఎనిమిది అంగుళాలు మంజూరు చేయుటకు వైద్య కారణములు కలవు.”

“చాలా సంతోషం సార్!”

“అయితే సీనియర్ అసిస్టెంటు ముప్ఫై ఎనిమిది అయినప్పుడు సూపరింటెండెంటు ముప్ఫై తొమ్మిది కావలెను. ఉప సమన్వయాధికారి వారు నలభై కావలెను. ఎల్లరినీ ఎనిమిదేసి అంగుళములు పెంచుతూ సవరణ ఉత్తర్వు వెలువరించుచున్నాము.”

“సార్, మరి చలమయ్య గారి కాళ్ళు పెడళ్ళకు అందవు గదండీ?”

“కాళ్ళ విషయం ఇదివరకే తేలిపోయినది కదమ్మా,” అన్నారాయన ఫైలు మూస్తూ.

సైదులు అటక మీదనుంచి నా పైపు దించి బిగించాడు. మర్నాడు నేను మళ్ళీ మనిషినయ్యాను. కాని గడియార స్తంభం దగ్గర ఒక కొత్త దృశ్యం మొదలైంది. చలమయ్య గారి సైకిలును ఇద్దరు జూనియర్లు పట్టుకుంటే, యోహాను తన స్టూలు వేసేవాడు. ఆయన స్టూలెక్కి, దాని మీదనుంచి సీటు మీదికి చేరేవారు. పాదాలు పెడళ్ళకు జానెడు పైన వేలాడుతుండేవి. యోహాను వెనకనుంచి తోసేవాడు. దిగేటప్పుడు ఇదే పని తిరగేసి.

కోపం తెచ్చుకుంటారనుకున్నాం. రెండు రోజుల్లో ఆయన ముఖం వెలిగిపోవడం మొదలుపెట్టింది. ఆయనకు జీవితంలో మొదటిసారి గోడల అవతల ఏముందో కనిపిస్తోంది. “యోహానూ, తహశీల్దారు గారి పెరట్లో దానిమ్మ కాసిందోయ్!” అని పైనుంచి కేకేసేవారు. పోయే లారీ డ్రైవర్ల కళ్ళలోకి సూటిగా చూసి తల పంకించేవారు. ఆయన్ని చూస్తే నాకు ముచ్చటేసింది. ఎత్తు లేకపోవడం ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇంతలో కమిషనర్ గారి తనిఖీ వచ్చింది.

రాజధాని నుంచి కమిషనర్ గారు కారులో బయలుదేరారు. సైకిలు పథకం కాబట్టి ఆయన సైకిలును కారు పైకప్పు మీద కట్టించారు. దానివల్ల ఆయన సీటు నేలకు తొమ్మిదడుగుల ఎత్తులో ఉండి, రాష్ట్రంలో ఏ ఉద్యోగి సీటూ ఆయన సీటును మించే ప్రమాదం తప్పింది. ఆయన్ని ఆఫీసు గేటు దగ్గర ఎదుర్కోవడానికి మేమంతా వరసలో బయలుదేరాం. ఓవర్‌బ్రిడ్జి శిఖరానికి చేరాం. అక్కడినుంచి అటువైపు నాలుగు వందల మీటర్ల పల్లం, పల్లం చివర మా ఆఫీసు.

సరిగ్గా అప్పుడే కమిషనర్ గారి కారు మా పక్కనుంచి దాటింది.

పై అధికారి కనిపిస్తే ఏం చేయాలో మా ఆఫీసులో ఎవరికీ నేర్పనక్కర్లేదు. చలమయ్య గారు హ్యాండిలు వదిలి రెండు చేతులూ జోడించారు. యోహాను కూడా సైకిలునీ బ్రేకునీ వదిలి రెండు చేతులూ జోడించాడు. కమిషనర్ గారు లోపల చదువుతున్న కాగితం మీదనుంచి కళ్ళెత్తకుండానే తల ఊపారు. కారు వెళ్ళిపోయింది. దాని వెనకే చలమయ్య గారు కూడా వెళ్ళిపోయారు.

“అయ్యగారో!” అని యోహాను అరిచాడు.

కోటిలింగం గారు తక్షణం పరిస్థితిని గ్రహించి వినయంగా దగ్గారు. సాంబయ్య గారు, త్రిపురారి గారు సమానంగా దగ్గారు. పల్లం మీద సైకిలు వేగం అందుకుంది. చలమయ్య గారు ఎలాగో హ్యాండిలు దొరకబుచ్చుకున్నారు. కాళ్ళు కిందికి చాపి నేలకోసం వెతికారు. నేల చాలా దూరంలో ఉంది. తువ్వాలు ఎగిరిపోయి ఒక జూనియర్ ముఖానికి చుట్టుకుంది. పల్లం అడుగున మిర్చి లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా వెనక్కి తిరుగుతోంది.

“వేగం పెంచండి సార్, పట్టుకోండి!” అని నేను కోటిలింగం గారిని అడిగాను.

“తొమ్మిదవ నిబంధన అమ్మా!” అన్నారాయన. “వారిని ఆపవలెనన్న దాటవలెను గదా!”

“భ్రమరాంబా!” ముందునుంచి కేక వినిపించింది. ‘గారూ’ లేదు, ‘తమరు’ లేదు. “ఆపమ్మా! నన్ను ఆపమ్మా తల్లీ!”

నేను మూడో గేరు వేశాను. ముప్ఫై ఎనిమిది అంగుళాల మీదనుంచి కాలు పూర్తిగా చాపి తొక్కితే ఏమవుతుందో ఆ రోజు మా ఊరు చూసింది. సాంబయ్య గారికీ త్రిపురారి గారికీ మధ్య మూరెడు సందు ఉంది, అందులోంచి దూరాను. కోటిలింగం గారిని దాటాను. గంట కొట్టాను. అడ్డు లేకుండా, ఆపకుండా, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. చలమయ్య గారి పక్కకు చేరి వెనక బ్రేకు లాగుదామనుకున్నాను. అంత ఎత్తు మీదనుంచి ఒక్కసారిగా ఆపితే మనిషి ముందుకు ఎగిరి లారీలోనే పడతాడని తోచింది. అందుకని ఆయన్ని కూడా దాటి, ఆయన ముందు చక్రానికి నా క్యారేజీని ఆనించి, రెండు సైకిళ్ళ బరువూ నా బ్రేకు మీద వేసుకుని మెల్లగా మెల్లగా బిగించాను. వెనకనుంచి ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. భయమేసింది. నవ్వు కూడా వచ్చింది. గాలి, గంట, కిందినుంచి మిర్చి ఘాటు, వెనక ఆయన గట్టిగా చదువుతున్న ఆంజనేయ దండకం, అన్నీ కలిసిపోయాయి. లారీకి రెండడుగుల దూరంలో ఆగాం.

అప్పటికే కమిషనర్ గారు గేటు దగ్గర దిగి నిలబడి ఉన్నారు. తొమ్మిదో నిబంధన ఆయన చదివారు. వరసలో ముందున్న మనిషే అధికారి అని ఆయనకు తెలుసు. తిన్నగా నా దగ్గరకు వచ్చి నమస్కారం చేశారు.

“ఉప సమన్వయాధికారిణి గారూ, తమ కార్యాలయము గురించి విన్నాను. వేగము, ప్రణాళిక, రెండూ ప్రత్యక్షముగా వీక్షించితిని. వెనుక ఉన్న ఈ వృద్ధుని భద్రముగా తీసుకువచ్చిన తీరు ప్రశంసనీయము,” అన్నారు.

చలమయ్య గారు దిగలేక పైనే ఉన్నారు. స్టూలు బ్రిడ్జి అవతల ఉంది. కమిషనర్ గారు ఆఫీసు లోపలికి వెళ్ళి, చేతి గడియారం చూసుకుని, చాలా బాగుందని రాసి వెళ్ళిపోయారు.

మూడో రోజు నాకు ఛార్జిమెమో వచ్చింది. నలుగురు పై అధికారులను దాటినందుకు, వారి సమక్షంలో గంట కొట్టినందుకు, శాఖాపరమైన చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పమని. దానితోపాటే రెండో కాగితం: ఎత్తైన సీట్లు ప్రమాదహేతువులని రుజువైనందున అందరూ పాత పట్టికకు దిగవలెను. నాకు మళ్ళీ ముప్ఫై. కాగితం చదువుతుంటేనే మోకాళ్ళు సలపడం మొదలుపెట్టాయి.

సంజాయిషీలో నేను పెద్దగా ఏమీ రాయలేదు. దాటాననే రాశాను. కమిషనర్ గారు నన్ను అధికారిణిగా సంబోధించారని కూడా, జరిగింది జరిగినట్టు, ఒక వాక్యం రాశాను.

ఆ వాక్యం దగ్గర కోటిలింగం గారి కలం ఆగిపోయింది. ఆయన రెండు రోజులు భోజనం సరిగ్గా చేయలేదట. ఎవరూ పై అధికారిని దాటరాదు. నేను ముందున్నాను, అది కమిషనర్ గారు కళ్ళారా చూశారు. కమిషనర్ గారు పొరపాటు పడరు. కాబట్టి ముందున్నది అధికారే. అంటే ఆ సమయంలో అధికారిణిని నేనే. అలా కాదంటే కమిషనర్ గారు ఒక సీనియర్ అసిస్టెంటుకు ముందుగా నమస్కారం పెట్టినట్టవుతుంది. అంత ఘోరం రికార్డు కెక్కడానికి వీల్లేదు. చలమయ్య గారికి కూడా ఇదే నయమనిపించింది. కింది ఉద్యోగి దాటిపోవడం పరువు తక్కువ. అదనపు బాధ్యతలు అప్పగించడం రోజూ జరిగేదే.

కాబట్టి వెనకటి తేదీతో ఉత్తర్వు వచ్చింది: ‘శ్రీ చలమయ్య వారు పల్లము కారణముగా విధి నిర్వహణకు అందుబాటులో లేనందున, శ్రీమతి భ్రమరాంబ పది గంటల నలభై రెండు నిమిషముల నుండి ఎనభై సెకన్ల పాటు ఉప సమన్వయాధికారిణిగా పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహించినట్లు పరిగణించడమైనది.’ ఛార్జిమెమో రద్దయింది. కింద ఒక మామూలు వాక్యం, ఇలాంటి ప్రతి ఉత్తర్వులోనూ ఉండేదే: ‘సదరు కాలమున తాము నిర్వర్తించిన విధుల వివరములు వారము రోజులలో సమర్పించవలెను.’

నేను ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత డెస్పాచ్ చూసే పద్మలత దగ్గరకు వెళ్ళాను. ఎప్పుడు ఏ పాత తేదీ అవసరమవుతుందో తెలియదు కనుక, రిజిస్టరులో రోజుకు రెండు నంబర్లు ఖాళీగా వదలడం మా ఆఫీసు ఆచారం.

“తనిఖీ రోజువి ఖాళీగా ఉన్నాయా పద్మా?”

“రెండూ ఉన్నాయక్కా. ఏం కావాలేంటి?”

“ఒకటి చాలు.”

విధుల వివరాల్లో నేను ఇలా రాసి సమర్పించాను: ‘ఎనభై సెకన్లలో ఒక ఉత్తర్వు జారీ చేసితిని. ప్రతి జతచేయడమైనది.’ ప్రతిలో నాలుగు వాక్యాలు. ఎవరి కాలికి తగ్గ ఎత్తులో వారు సీటు పెట్టుకొనవలెను. ఎవరి బ్రేకు వారి చేతిలో ఉండవలెను. అవసరమైనవారు గంట కొట్టవలెను. తొందరగా పోగలిగినవారు ముందు పోవచ్చును.

చలమయ్య గారు నన్ను గదిలోకి పిలిచారు. కాగితం ఆయన చేతిలో ఉంది.

“దీన్ని నేను రద్దు చేయలేను. ఒక ఉప సమన్వయాధికారి ఇచ్చిన ఉత్తర్వును మరో ఉప సమన్వయాధికారి రద్దు చేయరాదు. దీని తేదీ ముందుది, కనుక మొన్నటి నా కాగితమూ చెల్లదు.”

“తెలుసండి సార్.”

“కమిషనర్ గారే చేయాలి. చేస్తే ఆయన నమస్కారం దగ్గరకు వెళుతుంది ఫైలు.” కిటికీలోంచి బయటికి చూశారు. “చాలా ఎత్తుగా ఉండేదమ్మా. తహశీల్దారు పెరడంతా కనిపించేది.” తర్వాత గొంతు తగ్గించారు. “ఆ సైదులు పాత కొలత రాసిపెట్టాడో లేదో... కాలు నేలకు ఆనితే చాలు.”

“రాసిపెట్టాడు సార్. ముప్ఫై రెండు.”

ఇప్పుడు మేమందరం ఎవరి దారిన వాళ్ళం వస్తున్నాం. నేను తొమ్మిదిన్నరకు బయలుదేరి పది నిమిషాల ముందే చేరుతున్నాను. సాంబయ్య గారూ త్రిపురారి గారూ మాత్రం ఇంకా పక్కపక్కనే తొక్కుతున్నారు. అలవాటైపోయిందట, కబుర్లు చెప్పుకోవడానికి బాగుందట. అధికారి గదిలో గోడకు నల్ల చెక్క మీద ఇంతవరకూ పనిచేసిన ఉప సమన్వయాధికారుల పేర్లు, తేదీలు తెల్లరంగుతో రాసి ఉంటాయి. రికార్డు ప్రకారం నన్ను వదిలేయడానికి వీల్లేకపోయింది. పెయింటరు వచ్చి, తేదీల గడిలో ‘10:42 నుండి ఎనభై సెకన్లు’ అని ఇరికించి రాశాడు.

మొన్న యోహాను ఆ చెక్క తుడుస్తూ నన్ను చూసి ఆగాడు.

“పద్నాలుగు మంది పేర్లు తుడుత్తున్నానమ్మగారూ, ఇరవయ్యేళ్ళ బట్టి,” అన్నాడు. “వచ్చి పని చేసి పొయ్యింది మీరొక్కరే.”